పర్మనెంటు రోగి

బుల్లెమ్మగారి యూనివర్సిటీ చరిత్ర కావాలనుకున్నవాళ్ళకి గేటు పక్కనే నల్లరాయి మీద బంగారపు అక్షరాలతో చెక్కించి పెట్టేరు. వెళ్ళి చదువుకోవచ్చు, అడ్డేం లేదు. మహర్షులూ, మూలికలూ, మానవసేవా అని చాలా ఉంటుందందులో. కోళ్ళ సంగతి మాత్రం ఉండదు. అబ్బులు సంగతీ ఉండదు. ఆ రెండూ లేకుండా ఆ యూనివర్సిటీ చరిత్ర చెప్పడమంటే ఉప్పూ చింతపండూ లేకుండా పులుసు పెట్టడమేనండి.

ముందు కోళ్ళ దగ్గర్నుంచి రావాలి. మెట్టలో తారురోడ్డు పక్కనే త్రినాధరావుగారికి కోళ్ళఫారం ఉండేది. ఈ చివర కోడి కూస్తే ఆ చివరకి వినపడేసరికి మధ్యాహ్నమయ్యేదట, అంత పొడుగు షెడ్లు. అబ్బులు అక్కడ మేత బస్తాలు మోసేవాడు. ఒక ఏడాది ఏదో తెగులొచ్చి కోళ్ళన్నీ పోయాయి. త్రినాధరావుగారు ఖాళీ షెడ్డులో కుర్చీ వేసుక్కూర్చుని, తువ్వాలు నెత్తినేసుకుని ఆలోచించేరు. ఆలోచించి ఆలోచించి ఒక మాటన్నారు.

"కోడికి జబ్బు చేస్తే నష్టం. మనిషికి జబ్బు చేస్తే లాభం. ఇన్నాళ్ళూ ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదురా అబ్బులూ?"

"కోళ్ళ గోలలో తట్టుండదండి," అన్నాడు అబ్బులు.

అంతే. షెడ్లకి సున్నం కొట్టేరు. గూళ్ళు పీకి మంచాలేసేరు. త్రినాధరావుగారి తల్లి బుల్లెమ్మగారు బతికుండగా ఒక్క మాత్ర మింగి ఎరగదు, డాక్టరు ఎదురొస్తే పెరటిదారిన పడి వెళ్ళిపోయేది. ఆవిడ పేరే పెట్టి "బుల్లెమ్మ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం" అని బోర్డెక్కించేరు. త్రినాధరావుగారు ఛాన్సలరుగారైపోయేరు. డాక్టరు చదువు, నర్సు చదువు, పళ్ళ చదువు, కళ్ళ చదువు, అన్నీ వచ్చేయి. చదువుకునే పిల్లలూ వచ్చేరు. రోగులు మాత్రం రాలేదు. ఎందుకొస్తారండి. చుట్టుపక్కల ఊళ్ళకి అది ఇంకా కోళ్ళఫారమే. జ్వరమొచ్చినవాణ్ణి కోళ్ళఫారానికి తీసుకెళ్తానంటే ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారా?

పైన ఆరోగ్య విద్యా ప్రమాణాల మండలి అని ఒకటుంది. ఆ మండలి వాళ్ళ రూలేంటంటే, మంచం ఉన్నాక మంచం మీద రోగి ఉండాలి. మంచం ఖాళీగా కనపడితే యూనివర్సిటీకి తాళం. అందుకని ఇన్స్పెక్షను రోజు తెల్లారకుండానే ఊళ్ళమీదికి ట్రాక్టర్లు పంపేవారు. పొద్దున్నే ఎక్కి, పగలంతా మంచం మీద పడుకుని, సాయంత్రం బిర్యానీ పొట్లం పట్టుకుని దిగిపోవడం. కోళ్ళు పోయి పని లేక కూర్చున్న అబ్బులు మొదటి ట్రాక్టరు మొదటి మనిషి.

ఎక్కినవాళ్ళల్లో చాలామందికి పని రాదండి. ఒకడు బీడీ వెలిగించేవాడు, ఇంకోడు పక్క మంచం వాడితో పేకాట మొదలెట్టేవాడు. అబ్బులు అలాక్కాదు. పడుకున్నాడంటే రోగే. ఆయన మూలుగు మొదలెడితే పొరుగూరి పశువుల డాక్టరు ఎక్కడో గేదె ఈనలేక అవస్థ పడుతోందనుకుని సంచి సర్దుకుని బయల్దేరేవాడు. దగ్గేడంటే కిటికీల మీద పావురాలు లేచిపోయేవి. ఒకసారి ఇన్స్పెక్షనుకొచ్చిన పెద్దమనిషి అబ్బులు మూలుగు విని తనే కళ్ళు తిరిగి పక్క మంచం మీద పడిపోయేడు. ఆయన్ని కూడా రోగుల్లో లెక్కేసుకున్నారు.

అలా కొన్నాళ్ళు బాగానే జరిగింది. ఆ తర్వాత మండలి రూలు మార్చింది. ఇకనుంచి ఎప్పుడొస్తామో చెప్పం, ఏ రోజైనా రావచ్చు, రోగులు రోజూ వేలిముద్ర వెయ్యాలి అన్నారు. ఛాన్సలరుగారు మళ్ళీ తువ్వాలు నెత్తినేసుకున్నారు. తీసేసరికి పేపర్లో ప్రకటన పడింది. రోగులు కావలెను, పర్మనెంటు పోస్టులు.

అబ్బులు వాళ్ళావిడ తాయారు ఆ పేపరు ముక్క ఎవరిచేతో చదివించుకుని మొగుణ్ణి స్నానం చేయించి, ఇస్త్రీ చొక్కా తొడిగి ఇంటర్వ్యూకి తోలింది.

ఇంటర్వ్యూ చేసింది రిజిస్ట్రారు పద్మనాభంగారు. ఆయన మాట్లాడితే కాగితం మాట్లాడినట్టుండేది. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కూడా ఆ మనిషి ఇంకో జిల్లాలో ఉన్నట్టే మాట్లాడేవారు. ఇంట్లో అన్నం దగ్గర కూడా "సదరు ఇల్లాలు చారు వడ్డించవలెను" అంటారని చెప్పుకునేవారు.

"సదరు అభ్యర్థికి ఏవైనా రోగములు గలవా?" అన్నారు పద్మనాభంగారు.

ఉద్యోగం పోయిందనుకున్నాడు అబ్బులు. "లేవండి. నేర్చుకుంటానండి," అన్నాడు.

"సంతోషము. రోగములు గలవారు రోగి పదవికి అనర్హులు."

అబ్బులు నోరు తెరుచుకుని చూసేడు. పక్కన కూర్చున్న ఛాన్సలరుగారు జాలిపడి విడమర్చి చెప్పేరు. "ఒరేయ్, నిజం రోగిని మంచమెక్కించేననుకో. అయితే నయమై లేచిపోతాడు, లేకపోతే పోతాడు. ఎలాగైనా మంచం ఖాళీయే. నేను మళ్ళీ ఎతుక్కోవాలి. అదే నీలాంటి రాయిలాంటోణ్ణి పడుకోబెడితే రిటైరయ్యేదాకా రోగిగానే ఉంటాడు. నాకు నిలకడ కావాల్రా."

అది మాత్రం అబ్బులుకి బాగా అర్థమయ్యింది. గుండె, ఊపిరితిత్తులు, కళ్ళు, చెవులు అన్నీ టవున్లో పరీక్ష చేయించుకుని, ఏ లోపమూ లేని పూర్తి ఆరోగ్యవంతుడని కాగితం తెచ్చేడు. అది చూసేక రోగిగా ఆర్డరు చేతికిచ్చేరు.

తాయారు వీధంతా చెప్పుకుంది. "మావోడికి ఆస్పత్రిలో పర్మనెంటయ్యిందే."

"అయ్యో, అలాగా వదినా," అంది ఎదురింటావిడ కళ్ళొత్తుకుంటూ.

"అయ్యో ఏంటే? చివర్లో పింఛను కూడా ఉంది."

ఉద్యోగం గొప్పగా ఉండేది. పొద్దున్నే వెళ్ళి వేలిముద్ర వేసి, వెనకాల తాళ్ళు కట్టుకునే ఆకుపచ్చ గౌను వేసుకుని, మంచమెక్కాలి. సాయంత్రం అయిదింటికి దిగి మళ్ళీ వేలిముద్ర వెయ్యాలి. కొత్తగా చేరినవాళ్ళు జూనియరు రోగులు. వాళ్ళకి జలుబు, దగ్గు, జ్వరం లాంటి చిన్న రోగాలే ఇచ్చేవారు. సీనియరు రోగులకి కామెర్లు, విరిగిన చేతులు. పైన ఇక హెడ్ రోగులు. గుండె, కడుపు, ఎముకలు, ఒక్కో శాఖకి ఒక్కడే హెడ్ రోగి. అబ్బులు మూలుగుకి మెచ్చి తొందరగానే ఎముకల శాఖకి హెడ్ రోగిని చేసేరు. ఆయన పోస్టు ఎడంకాలు. తొడ దాకా ఒక సిమెంటు కట్టు చేయించి మేకుకి తగిలించి ఉంచేవారు. పొద్దున్న కాలు దూర్చి, సాయంత్రం తీసి మేకుకి తగిలించి ఇంటికెళ్ళిపోవడమే.

సెలైను సీసా కూడా వేలాడేది. గొట్టం చేతికి అంటించి, రెండో కొస మంచం కింద బకెట్లో పెట్టేవారు. చదువుకునే పిల్లలు వరసగా వచ్చి ఆ కాలు చూసి రాసుకుని వెళ్ళేవారు. పాపం, వాళ్ళు రోజూ రోగుల్నే చూసేరు గానీ రోగం ఎలాగుంటుందో ఎవరూ చూళ్ళేదు. పాఠం చెప్పాల్సిన ప్రొఫెసర్లు ఫోటోల్లో ఉండేవారు. ఇన్స్పెక్షను రోజు మాత్రం, మండలి చెప్పకపోయినా ఎలాగో ముందే తెలిసిపోయి, తెరలేసిన బస్సులో దిగేవారు. దిగి, తెల్లకోట్లు తొడుక్కుని, సంతకాలు పెట్టి, మళ్ళీ బస్సెక్కి ఇంకో కాలేజీ ఇన్స్పెక్షనుకి వెళ్ళిపోయేవారు.

మండలికి ఊరుకునుండే అలవాటు లేదు కదండి. ఇంకో ఏడాది ఇంకో పిచ్చి పట్టుకుంది. రోగి సంతృప్తి సూచిక అని పెట్టేరు. ఎంత సంతోషంగా ఉన్న రోగులుంటే యూనివర్సిటీకి అన్ని మార్కులు. పద్మనాభంగారు రోగులందర్నీ హాల్లో నిలబెట్టి చదివి వినిపించేరు.

"ఇకమీదట ప్రతి రోగికిని నొప్పి ఉండవలెను. అసంతృప్తి ఉండరాదు. మూలుగునప్పుడు పెదవులు పైకి వంగి ఉండవలెను."

మూలుగుతూ నవ్వడం ఎంత కష్టమో ఓసారి ఇంట్లో ప్రయత్నించి చూడండి. సగం మంది రోగులకి దవడలు పట్టేసేయి. గుండె హెడ్ రోగికి నవ్వాగక బయటికి పంపేయాల్సొచ్చింది. అబ్బులు మాత్రం తాయారుని ఎదురుగా కూర్చోబెట్టుకుని వారం రోజులు సాధన చేసేడు. చివరికి ఎలా కుదిరిందంటే, మూలుగుతుంటే పక్కింటి ఊయల్లో పాపాయి నిద్రపోయేది.

ఇదంతా ఇలా సాఫీగా వెళ్తుంటే ఒకరోజు పొద్దున్నే అబ్బులుకి కడుపులో నొప్పొచ్చింది. నిజం నొప్పి. బొడ్డు దగ్గర మొదలై కుడిపక్కకి దిగి అక్కడే కూర్చుంది. ఏం తిన్నా నిలవలేదు.

"ఈపూట వెళ్ళకయ్యా," అంది తాయారు. "టవున్లో పెద్దాస్పత్రికెళ్దాం."

"సెలవు పెట్టాలంటే కారణం రాయాలే. ఒంట్లో బాగోలేదని రాస్తే ఉద్యోగం పోద్ది. రోగికి ఒంట్లో బాగుండాలని రూలు."

"మరి ఆ ఆస్పత్రిలోనే చూపించుకో. చుట్టూ డాక్టర్లే కదా."

అబ్బులు ఆవిడ వంక ఒకసారి చూసి, కడుపు పట్టుకుని బయల్దేరేడు.

తన కర్మ కొద్దీ ఆరోజే ఇన్స్పెక్షను పడింది. గేట్లో తెరల బస్సు ఆగి ఉంది. అబ్బులు గౌను కట్టుకుని, కట్టులో కాలు దూర్చి మంచమెక్కేడు. మూలిగేడు. ఎన్నేళ్ళనుంచో మూలుగుతున్నాడు గదా, ఎవరూ తల తిప్పలేదు. పక్క మంచం కన్నబాబు మాత్రం లేచి కూర్చున్నాడు. కన్నబాబు కడుపు శాఖకి హెడ్ రోగి.

"ఏంటన్నా, చెయ్యి కడుపు మీద పెట్టేవు? నీది ఎడంకాలు కదా."

"కడుపులో నొప్పిరా."

"కడుపు నొప్పి నాది. నా పోస్టు మీద కన్నేసేవా?"

"నిజం నొప్పిరా కన్నా."

"అందరూ అలాగే అంటారు. నేను రోగుల యూనియన్లో పెడతాను." కన్నబాబు అప్పటికప్పుడే పద్మనాభంగారి దగ్గరికి వెళ్ళి చెప్పేడు. ఆయన వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడి, మంచంతో మాట్లాడినట్టు మాట్లాడేరు.

"సదరు రోగి నియమితుడైన అవయవము ఎడంకాలు. తన పరిధి దాటి వేరొక అవయవమునందు నొప్పి కలిగియుండుట క్రమశిక్షణారాహిత్యము. తక్షణమే ఉపసంహరించుకొనవలెను."

"ఎలాగండి ఉపసంహరించుకోడం?" అన్నాడు అబ్బులు పళ్ళు బిగించి.

"తగు విధముగా," అన్నారు పద్మనాభంగారు.

అప్పుడే పిల్లల బ్యాచి వచ్చింది. అందులో ప్రవల్లిక అనే అమ్మాయి ఆఖరి సంవత్సరం. అందరూ కాలు చూసి రాసుకుని వెళ్ళిపోయేరు గానీ ఆ అమ్మాయి ఆగిపోయింది. అబ్బులు కడుపు మీద కుడిపక్క కింద నెమ్మదిగా నొక్కి చటుక్కున వదిలింది. అబ్బులు అరిచిన అరుపుకి ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది.

"బాబాయ్, మీకు అపెండిక్సు. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే ఉంది. మొదటిసారి చూస్తున్నాను," అంది. అని, ఆ తర్వాత దాని అర్థం తట్టి, "అయ్యో, దీనికి ఆపరేషన్ చెయ్యాలి బాబాయ్, లేటైతే లోపల పగిలిపోద్ది," అని పరిగెత్తింది.

ఆపరేషను గది ఆ యూనివర్సిటీలో ఉన్నట్టు దేశంలో ఇంకోటి లేదు. నేల మీద మొహం చూసుకుని బొట్టు దిద్దుకోవచ్చు. కానీ గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టుంది. కట్టి చాలా ఏళ్ళయ్యింది. మంత్రిగారి తేదీ దొరక్క ఎవరూ లోపలికి వెళ్ళలేదు. ప్రవల్లిక ఛాన్సలరుగారి కాళ్ళా వేళ్ళా పడింది.

"చూడమ్మా," అన్నారు ఛాన్సలరుగారు, "ఆ రిబ్బను తెగకుండా ఈడి కడుపెలా తెగుద్ది? ముందు మంత్రిగారిది, తర్వాతే అబ్బులుది. మర్యాద ఉండాలి."

బస్సులో వచ్చిన సర్జన్‌గారినడిగితే ఆయన వాచీ చూసుకున్నాడు. "నేను నాలుగింటివరకే ఈ కాలేజీ ప్రొఫెసర్నమ్మా. నాలుగు దాటితే ఇంకో కాలేజీ. సగం కోసి ఎలా వెళ్ళను?"

ఈలోగా మండలి పెద్దాయన వార్డులోకి వచ్చేశాడు. వెనకాల ఛాన్సలరుగారు, పద్మనాభంగారు, గంధం పళ్ళెం పట్టుకున్న నర్సులు. పెద్దాయన అబ్బులు మంచం దగ్గర ఆగేడు. అబ్బులు ఒళ్ళంతా చెమట. మూలుగుతున్నాడు. నవ్వడానికి చూసేడు గానీ పెదాలు పైకి లేవలేదు.

"ఈ రోగి మొహంలో సంతృప్తి లేదే," అన్నాడు పెద్దాయన.

"కడుపులో నొప్పండి బాబూ. నిజంగానండి. కాపాడండి."

పెద్దాయన అబ్బుల్ని కింద నుంచి పైకి, పై నుంచి కిందకి చూసేడు. పక్కనున్న గుమాస్తాతో రాసుకోమని చెప్పేడు. "కట్టు కాలికుంది, చెయ్యి కడుపు మీదుంది. నటన మరీ అతిగా ఉంది. చెమట కూడా పట్టించేరు. ఇంత హంగామా అనవసరం. మార్కులు తగ్గించు."

ఛాన్సలరుగారి మొహం నల్లబడింది. "సదరు రోగిని పునశ్చరణ శిక్షణకు పంపగలము," అని వంగి చెప్పేరు పద్మనాభంగారు.

వాళ్ళలా ముందుకి వెళ్ళగానే తాయారు అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చింది. మొగుణ్ణి చూసి క్యారేజీ కింద పెట్టేసింది. ప్రవల్లిక విషయం చెప్పింది. తాయారు ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. "గేటు దాటిస్తే చాలు కదా పాపా, పెద్దాస్పత్రిలో చేస్తారు కదా," అంది.

"గేటు దగ్గరే కదా పిన్నీ అసలు బాధ. డ్యూటీలో ఉన్న రోగి అయిదింటిదాకా బయటికి వెళ్ళకూడదు. నయమయినట్టు కాగితం ఉంటే వదుల్తారు. నయమయినట్టు కాగితం కావాలంటే జబ్బున్నట్టు కాగితముండాలి. జబ్బుంటే ఉద్యోగం లేదు."

"రోగిని వదలరు. మరి డాక్టర్నో?"

ప్రవల్లిక తన తెల్లకోటు విప్పింది. అబ్బులుకి భుజాల దగ్గర బిగుసుకుంది గానీ పట్టింది. ఇంకో పిల్ల కోటు తాయారుకి తొడిగేరు. నాలుగు కావస్తోంది. తెరల బస్సు హారను కొడుతోంది. కాలికున్న కట్టు తియ్యడానికి నొప్పితో వంగలేక, టైమూ లేక అలాగే ఈడ్చుకుంటూ, తాయారు భుజం పట్టుకుని అబ్బులు బస్సెక్కేడు. ఎక్కించుకునే గుమాస్తా కోట్లు చూసేడు గానీ మొహాలు చూళ్ళేదు. గేటు దగ్గర వాచ్‌మాన్ లేచి సెల్యూట్ కొట్టేడు. ఎన్నేళ్ళనుంచో రోజూ ఒరేయ్ అబ్బులూ అనే మనిషి.

బస్సులో పక్క సీటు ప్రొఫెసరు కళ్ళు తెరిచి అడిగేడు. "ఏ శాఖండి తమరిది?"

"ఎముకలండి," అన్నాడు అబ్బులు. అబద్ధం కాదు కదా.

"అమ్మగారో?"

తాయారు క్యారేజీ ఒళ్ళో సర్దుకుని, "నాది భోజనాలండి," అంది.

"ఆహార శాస్త్రం. బావుంది. ఈయనెందుకలా మూలుగుతున్నారు?"

"నొప్పండి. మీరూ డాక్టరే కదండీ, కాస్త చూడండి."

ఆయన కంగారుగా చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నన్నడక్కండమ్మా. నేను రోగిని ముట్టుకుని చాలా కాలమయ్యింది. పాపం, ఇప్పుడీయన మీద మొదలెట్టడం బాగోదు." అని తెర లాక్కుని పడుకున్నాడు.

టవున్లో పెద్దాస్పత్రి ఎదురుగా సిగ్నల్ పడింది. తాయారు మొగుణ్ణి దించేసింది. పెద్దాస్పత్రిలో నిలబడడానికి చోటు లేదు. చొక్కా చేతులు పైకి మడుచుకున్న డ్యూటీ డాక్టరమ్మ ఒకావిడ వచ్చి, పైన బిగుతు తెల్లకోటు, కింద గౌను, కాలికి కట్టు ఉన్న ఈ మనిషిని చూసి ఏమీ అడగలేదు. కడుపు నొక్కింది. "పొద్దున్నుంచి ఏమన్నా తిన్నారా?" అని మాత్రం అడిగి లోపలికి తోయించింది.

తెలివొచ్చేసరికి అబ్బులు మంచం మీదున్నాడు. అదే మంచం మీద అటు తలా ఇటు కాళ్ళూ పెట్టి ఇంకో మనిషున్నాడు. ఆ మనిషి మూలుగుతున్నాడు. అబ్బులు కాసేపు విన్నాడు. ఎంతైనా తన విద్య కదా. పైకి లేపడం, మధ్యలో విరవడం, చివర్లో గాలి వదలడం, ఎక్కడా తప్పు లేదు.

"గొప్పగా మూలుగుతున్నారండి," అన్నాడు. "మీరు ఏ కేడరు?"

ఆ మనిషి వెర్రిచూపు చూసేడు. "కిడ్నీలో రాయండి."

"పోస్టు కాదండి, హోదా. జూనియరా, సీనియరా? ఇక్కడ ఇన్స్పెక్షనెప్పుడు?"

"ఏమ్మా," ఆ మనిషి తాయారుని పిలిచేడు, "మీవారికి మత్తు ఇంకా దిగలేదు."

అప్పుడు అబ్బులు చుట్టూ చూసేడు. మంచాల మీద, మంచాల మధ్య, వరండాలో, మెట్ల మీద మనుషులు. ఎవరి చేతికున్న గొట్టం కూడా బకెట్లోకి లేదు. అందరి గొట్టాలూ చేతుల్లోకే ఉన్నాయి. కాసేపటికి అర్థమయ్యింది. "తాయారూ, వీళ్ళందరికీ నిజంగానేనే," అన్నాడు చిన్నగా. తాయారు తల మీద చెయ్యేసి నిమిరింది.

ఇంటికొచ్చేసరికి యూనివర్సిటీ నుంచి మెమో వచ్చుంది. కుట్లు ఇంకా పచ్చిగా ఉండగానే విచారణకి వెళ్ళాల్సొచ్చింది. తాయారు కూడా వచ్చింది, వద్దన్నా ఆగలేదు. పెద్ద బల్ల వెనక ఛాన్సలరుగారు. పద్మనాభంగారు నిలబడి చదివేరు.

"సదరు రోగి ముందస్తు అనుమతి లేక వ్యాధిగ్రస్తుడగుట మొదటి అభియోగము. కాలునకు నియమితుడై కడుపుతో బాధపడుట రెండవది. సంస్థ మంచముపై పుట్టి పెరిగిన రోగమును పరాయి సంస్థకు తరలించుట మూడవది. అన్నిటికన్న హేయమైనది, సంపూర్ణముగా నయమగుట. ఇట్టి వ్యక్తిని రోగి పదవినుండి ఏల తొలగించరాదో తెలుపవలెను."

అబ్బులు చేతులు కట్టుకున్నాడు. "బాబయ్యా, కోళ్ళున్నప్పుడు కోళ్ళతో ఉన్నాను. కోళ్ళు పోయేక రోగినయ్యేను. ఇది కూడా పోతే ఇంక చుట్టుపక్కల నాకు పనెవరిస్తారండి. తప్పయిపోయింది. ఇంకెప్పుడూ నయమవ్వను."

"మళ్ళీ అలాంటి మాటనకు," అంది తాయారు పక్కనుంచి.

ఛాన్సలరుగారు మీసం మెలేస్తూ, "కోసేరా నిజంగా?" అన్నారు.

"కోసేరండి."

"ఏదీ, చొక్కా ఎత్తు."

అబ్బులు చొక్కా ఎత్తేడు. ఛాన్సలరుగారు కుర్చీలోంచి లేచి వచ్చి వంగి చూసేరు. పద్మనాభంగారూ వంగేరు. గుమ్మం దగ్గర గుమాస్తాలూ వచ్చి వంగేరు. ఆ యూనివర్సిటీ పుట్టేక ఒక నిజమైన కుట్టు లోపలికి రావడం అదే మొదలండి. ఎవరో చేతులు జోడించేరు కూడా.

ఛాన్సలరుగారి తువ్వాలు నెమ్మదిగా నెత్తి మీదికెక్కింది. ఎందుకంటే మండలి ఆ ఏడాది ఇంకో కొత్తది పెట్టింది. ప్రతి యూనివర్సిటీ తన చరిత్ర పుస్తకం అచ్చేసి చూపించాలి. మహర్షుల అధ్యాయం అయిపోయింది. భవనాల అధ్యాయం అయిపోయింది. ఆపరేషన్ల అధ్యాయం పేరు రాసి కింద తెల్లగా వదిలేసేరు.

"పద్మనాభంగారూ," అన్నారు తువ్వాలు తీసి, "మనిషి ఎవరి మనిషి?"

"సంస్థ మనిషి."

"ఆ అపెండిక్సు ఎవరి మంచం మీద పెరిగింది?"

"సంస్థ మంచముపై."

"ఎవరి క్యాంటీను సాంబారు తిని వాచింది?"

పద్మనాభంగారు కొంచెం ఇబ్బందిగా దగ్గి, "సంస్థదే," అన్నారు.

"మరింకేం. కత్తి ఒక్కటే వాళ్ళది. మిగతా ఆపరేషనంతా మనదే. రాసుకోండి. ఈ విశ్వవిద్యాలయ చరిత్రలో ప్రథమ శస్త్రచికిత్స విజయవంతం." అబ్బులు వైపు తిరిగేరు. "నిన్ను రోగిగా ఉంచలేనురా, నయమైపోయేవు. కానీ ఆపరేషను దగ్గర నిజంగా ఉన్నవాడు ఈ ప్రాంగణంలో నువ్వొక్కడివే. మండలి వాళ్ళు చదువు లేకపోయినా అనుభవమున్నోళ్ళని ప్రొఫెసర్లుగా వేసుకోమంటున్నారు. శస్త్రచికిత్సా శాఖ అనుభవ ప్రొఫెసరు. రేపట్నుంచి పాఠం చెప్పు."

అబ్బులు తాయారు వైపు చూసేడు.

"ఫోటోలో ఉండాలా, మనిషి ఉండాలా?" అడిగింది తాయారు.

"మనిషే."

"బస్సెక్కి ఊళ్ళు తిరగాలా?"

"అక్కర్లేదు."

"అయితే చేస్తాడు," అంది. "కానీ ఒంట్లో బాగోకపోతే సెలవియ్యాలి."

"ప్రొఫెసర్లకు, వారి కుటుంబములకు సంస్థ ఆసుపత్రియందు ఉచిత వైద్యము గలదు," అన్నారు పద్మనాభంగారు.

"అదొద్దండి. సెలవు చాలు," అంది తాయారు.

మర్నాడు హాలు కిక్కిరిసిపోయింది. నిలబడ్డానికి చోటు లేక పిల్లలు కిటికీలెక్కేరు. వెనక వరసలో ఛాన్సలరుగారి తరఫున పాఠం తనిఖీ చెయ్యడానికి పద్మనాభంగారు కూర్చున్నారు. అబ్బులు తెల్లకోటు గుండీలు విప్పి, చొక్కా ఎత్తి, ఎడమవైపు వాళ్ళకోసారి, కుడివైపు వాళ్ళకోసారి తిరిగేడు. పిల్లలు ఒకరి భుజాల మీంచి ఒకరు చూసేరు. ప్రవల్లిక ముందు బెంచీలోనే ఉంది.

"సార్, లోపల ఎలా కోసేరు?" అడిగేడు ఒక అబ్బాయి.

"మత్తులో ఉన్నాను బాబూ. తెలీదు."

"ఏ దారంతో కుట్టేరు సార్?"

"అప్పుడూ మత్తే."

"మరి మీరేం చెప్తారు సార్?" అన్నాడు ఆ అబ్బాయి, వెక్కిరింపుగా కాదు, పాపం నిజంగానే.

అబ్బులు ఆలోచించేడు. తెలిసిందేమైనా ఉందా అని లోపలంతా వెతుక్కున్నాడు. ఒకటే కనపడింది. గొంతు సర్దుకున్నాడు.

"కడుపులో నొప్పొచ్చి కుడిపక్కకి దిగిందనుకోండి. ఉద్యోగం పోద్దని కూర్చోకండి. ఇక్కడ ఎవరికీ చూపించకండి. గేటు దాటి ఎడంచేతి పక్క నిలబడితే టవును బస్సొస్తది. పెద్దాస్పత్రి దగ్గర దిగండి. జనం ఎక్కువుంటారు, భయపడకండి. అక్కడ చేతులు మడుచుకున్న డాక్టరమ్మ ఉంటుంది. ఆవిడ ఏదడిగితే అది చెప్పండి. అంతే. రాసుకోండి."

రాసుకున్నారండి. తలలు వంచుకుని, ఒక్క ముక్క వదలకుండా. ఆ యూనివర్సిటీలో అంత శ్రద్ధగా రాసుకున్న పాఠం ఇంకోటి లేదు.

పాఠమయ్యేక పిల్లలంతా వెళ్ళిపోయేరు. వెనక వరసలో పద్మనాభంగారు మాత్రం లేవలేదు. తనిఖీ కాగితం ఖాళీగానే ఉంది. ఇంక ఈ ఉద్యోగం కూడా పోయిందనుకుని అబ్బులు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. పద్మనాభంగారు చుట్టూ ఎవరూ లేరని చూసుకున్నారు. ఆయన మొహం పాలిపోయి ఉంది. చెయ్యి కుడిపక్క పొట్ట మీదుంది.

"అబ్బులుగారూ," అన్నారు నెమ్మదిగా, "నిన్న సాయంత్రం నుంచి ఒకటే నొప్పండి. ఆ టవును బస్సు మళ్ళీ ఎన్నింటికి?"